1,68,000 మైళ్లు తిరిగిన 2005 అకార్డ్: ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

పాతబండి05 (ర్యాలీ, నార్త్ కరోలినా) – మార్చి 9

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నాది 2005 హోండా అకార్డ్. 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, ఐదు గేర్ల ఆటోమేటిక్. ఇండియాకి తిరిగి వెళ్లిపోతున్న ఒక కుటుంబం సామాన్లన్నీ అమ్మేస్తుంటే వాళ్ల దగ్గర కొన్నాను. మా పాపను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నది ఈ కారులోనే. ఇప్పుడు 1,68,000 మైళ్లు అయ్యాయి. ఇంజిన్ బంగారంలా ఉంది, దాని ఆయిల్ నేనే మారుస్తాను. గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం నా చేతికి వచ్చాక ఒక్కసారి కూడా మార్చలేదు. అంతకుముందు వాళ్లు మార్చారో లేదో కాగితాలు లేవు.

రెండు నెలలుగా ఒక ఇబ్బంది. 40-45 మైళ్ల వేగంలో, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి పోతుంటే, హైవే అంచున గరుకు పట్టీల మీదికి ఎక్కినట్టు బండి గుర్రుమని వణుకుతోంది. రెండు మూడు సెకన్లు ఉండి పోతుంది. 2 నుంచి 3కి మారేటప్పుడు కూడా చిన్న కుదుపు ఉంది. చెక్ ఇంజిన్ లైటు రాలేదు.

షాపులో చూపిస్తే, ఇన్ని మైళ్లు తిరిగాక ఆయిల్ ముట్టుకుంటే ఉన్నది కూడా పోతుందన్నారు. గేర్‌బాక్స్ మొత్తం విప్పి రీబిల్డ్ చేయించుకోమని 3,600 డాలర్లు చెప్పారు. బండి అమ్మితే అంత రాదు. నేనే ఆయిల్ మార్చి చూడవచ్చా? చేసినవాళ్లు చెప్పండి.

---

సుజాత_డాలస్ – మార్చి 9

తప్పకుండా మార్చుకోవచ్చు. నా 2004 అకార్డ్‌కి రెండుసార్లు నేనే చేశాను. కానీ ముందు మూడు పనులు చేసి, ఏం కనిపించిందో ఇక్కడ రాయండి. అప్పటిదాకా ఏమీ కొనకండి.

మొదటిది, లెవెల్. గేర్‌బాక్స్‌కి వేరే డిప్‌స్టిక్ ఉంటుంది. హోండాలో చూసే పద్ధతి మిగతా కంపెనీల లాంటిది కాదు. రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగేదాకా ఇంజిన్ వేడెక్కాలి. బండి సమతలం మీద ఉండాలి. ఇంజిన్ ఆపేసి, 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి. ఒకసారి తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి చదవండి.

రెండోది, రంగూ వాసనా. తెల్ల కాగితం మీద ఒక బొట్టు వేసి ఫోటో పెట్టండి. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. మాడిన వాసన ఉంటే మర్చిపోలేరు.

మూడోది, ఆ వణుకు ఎక్కడిదో తేల్చుకోవడం. ఖాళీ రోడ్డు మీద 40-45లో వణుకు మొదలవగానే, కుడికాలు యాక్సిలరేటర్ మీద అలాగే ఉంచి, ఎడమకాలితో బ్రేకును ముట్టీ ముట్టనట్టు తాకండి. బ్రేక్ లైటు వెలిగితే చాలు, బండి ఆగేంత నొక్కకూడదు. ఇంజిన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది టార్క్ కన్వర్టర్, వేగంలో దాన్ని నేరుగా పట్టి ఉంచే క్లచ్ లాకప్. ఆ క్షణంలో ఆ లాకప్ విడిపోతుంది. వణుకు టక్కున ఆగిపోతే దోషం కన్వర్టర్ లాకప్‌ది. ఆగకపోతే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్, ఇంజిన్ మౌంట్ల వైపు చూడాలి. కాయిల్ పోయిన బండికి గేర్‌బాక్స్ విప్పించుకున్నవాళ్లని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

---

నెమ్మది_డ్రైవర్ (ఎడిసన్, న్యూజెర్సీ) – మార్చి 10

సుజాత గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను. మా బావగారి బండి 1,50,000 మైళ్లు హాయిగా తిరిగింది. ఎవరో చెప్పారని గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించారు. మూడు వారాల్లో రివర్స్ పడలేదు, తర్వాత డ్రైవ్ కూడా పోయింది. అది కళ్లారా చూశాక నేను ఎవరికైనా ఒకటే చెబుతాను: అన్నేళ్లు మార్చనిదాన్ని ఇప్పుడు కదపవద్దు.

---

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ) – మార్చి 10

నేను ముప్ఫై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మొదట్లో మా ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సులే చేతికి వచ్చేవి. ఆటోమేటిక్ బండ్లు పెరిగాక వాటి పని నేర్చుకున్నాను. నెమ్మది_డ్రైవర్ గారూ, మీ బావగారికి జరిగింది నిజమే అయి ఉంటుంది. నా దగ్గరికీ అలాంటి బండ్లు వచ్చాయి. ఎందుకలా అవుతుందో చెబుతాను, అప్పుడు ఎప్పుడు భయపడాలో మీకే తెలుస్తుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ నాలుగు పనులు చేస్తుంది. గేర్ల పళ్లకీ బేరింగులకీ జిడ్డుగా ఉంటుంది. వేడిని లాగి రేడియేటర్ దగ్గరి కూలర్‌కి చేరుస్తుంది. వాల్వ్ బాడీలో, అంటే ఆయిల్‌ని ఎటు పంపాలో నడిపే సన్నటి దారుల దిమ్మలో, ప్రెషర్‌గా మారి క్లచ్‌లను నొక్కుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, క్లచ్ ప్లేట్లు జారకుండా, పీకకుండా, మెత్తగా పట్టుకునేలా చేసే మందు దానిలోనే కలిపి ఉంటుంది. వేడికి మొదట చచ్చిపోయేది ఆ మందే. పాతబండి05 గారు చెప్పిన గుర్రుమనే వణుకు చాలాసార్లు దానివల్లే వస్తుంది. లాకప్ క్లచ్ పట్టుకోబోయి జారుతుంది, జారి మళ్లీ పట్టుకుంటుంది.

ఇక మార్చాక పోయిన బండ్ల సంగతి. క్లచ్ ప్లేట్ల మీది లైనింగు అప్పటికే అరిగిపోయి, ఆ పొడి ఆయిల్‌లో కలిసి, ఆ గరుకుతనమే ప్లేట్లకి చివరి పట్టుగా మిగిలి ఉంటుంది. కొత్త ఆయిల్ పోస్తే ఆ పొడి పోతుంది, ప్లేట్లు జారతాయి. ఆ బాక్స్ ఆయిల్ మార్చడం వల్ల పోలేదు, అప్పటికే పోయింది. సాధారణంగా అది జారడం మొదలయ్యాకే యజమాని ఆయిల్ మార్పించడానికి వస్తాడు. రెండో కారణం ఫ్లషింగ్ మెషిన్. ఒక్కసారిగా ఒత్తిడితో ఆయిల్ తోస్తే, మూలల్లో పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీ సందుల్లో ఇరుక్కుంటుంది. పాత బండికి మెషిన్ పెట్టనివ్వను, నా షాపులో కూడా పెట్టను.

కాబట్టి రంగు, వాసన, డ్రైన్ ప్లగ్ మీది అయస్కాంతం, ఈ మూడూ చూడాలి. ముదురు గోధుమ రంగులో ఉండి మాడు వాసన లేకపోతే ధైర్యంగా మార్చవచ్చు. నల్లగా మాడి, గేరులో ఉండగా ఇంజిన్ ఊరికే అరుస్తూ బండి ముందుకు లాగకపోతే మాత్రం ఆయిల్ డబ్బులు దండగ. స్ట్రాబెర్రీ పాలలా గులాబీ రంగులో చిక్కగా ఉంటే రేడియేటర్ లోపల కూలర్ చిల్లుపడి నీళ్లు కలుస్తున్నాయన్నమాట. ఆ బండిని ఇంకొక్క అడుగు కూడా నడపకండి.

---

పాతబండి05 – మార్చి 12

బాబాయ్ గారూ, సుజాత గారూ, ఇంత వివరంగా ఎవరూ నాకు చెప్పలేదు. చాలా కృతజ్ఞతలు.

బ్రేకు తాకి చూశాను. మూడుసార్లూ వణుకు వెంటనే ఆగింది. బొట్టు ముదురు గోధుమ రంగులో ఉంది, చాయ్ మరీ మరిగినట్టు. మాడిన వాసన లేదు. గేరులో జారడం కూడా లేదు. లెవెల్ మాత్రం కింది గుర్తుకంటే తక్కువగా ఉంది!

---

సుజాత_డాలస్ – మార్చి 12

అయితే ఎక్కడో కారుతోంది. గేర్‌బాక్స్ ఆయిల్ తాగదు, దానంతట అది తగ్గదు. రేడియేటర్‌కి వెళ్లే రబ్బరు గొట్టాల క్లిప్పులు, యాక్సిల్ షాఫ్టులు గేర్‌బాక్స్‌లోకి దూరే చోట సీళ్లు, డ్రైన్ ప్లగ్ వాషరు, ఇవన్నీ టార్చి వేసి చూడండి. ముందు తుడిచి, ఒకరోజు నడిపి, మళ్లీ చూస్తేనే తెలుస్తుంది. పాత జిడ్డు మీద కొత్త తడి కనిపించదు.

---

కాకతీయ_వాసు (హన్మకొండ) – మార్చి 13

అన్నా, నాదీ అదే తరం అకార్డ్, 2006 మోడల్, 2.4 ఆటోమేటిక్. ఇక్కడ మా ఊళ్లో మెకానిక్ "డెక్స్రాన్ పోస్తే సరిపోతుంది, అన్నీ ఒకటే ఎర్ర ఆయిల్" అంటున్నాడు. నిజమేనా?

---

ఆటోనగర్_బాబాయ్ – మార్చి 13

కాదు వాసూ. రంగు ఎరుపు కావడం వల్ల ఒకటే అయిపోవు. ఆ రంగు కారింది ఏ ఆయిలో గుర్తుపట్టడానికి కలిపేది. నేను చెప్పిన ఆ మందు కంపెనీకి కంపెనీకి మారుతుంది. హోండా గేర్‌బాక్స్ నిర్మాణమే వేరు, అందులో అందరిలా ప్లానెటరీ గేర్లు (మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగేవి) ఉండవు. మాన్యువల్ గేర్‌బాక్స్‌లా వరుస షాఫ్టుల మీద గేర్లు, ఒక్కోదానికి ఒక్కో క్లచ్ ప్యాక్. మీ బండికి మొదట వచ్చిన ఆయిల్ జెడ్-1. 2011 ప్రాంతంలో దాని స్థానంలో డీడబ్ల్యూ-1 వచ్చింది, పాత బండ్లకీ అదే వాడాలి. హోండా డీలర్ల పార్ట్స్ కౌంటర్‌లో అడుగు. సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) బండి ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దీన్ని మీ దాంట్లో పోయకండి. దాని ఆయిల్ పూర్తిగా వేరు.

---

క్యామ్రీ_శ్రీను (శాన్ హోసే) – మార్చి 14

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది 2003 క్యామ్రీ, నాలుగు గేర్ల ఆటోమేటిక్. సుజాత గారు చెప్పినట్టే ఇంజిన్ ఆపి లెవెల్ చూశాను. పై గుర్తు దాటి చాలా ఎక్కువ చూపించింది. అందుకని అర లీటరు దాకా తీసేశాను. ఇప్పుడు ఉదయం డ్రైవ్‌లో వేస్తే రెండు సెకన్లు ఆలోచించి కదులుతోంది.

---

సుజాత_డాలస్ – మార్చి 14

శ్రీను గారూ, బండి ఆపేసి ఉంచండి! నేను రాసింది హోండాకి మాత్రమే. "మిగతా కంపెనీల లాంటిది కాదు" అని ఊరుకోకుండా, మిగతావాళ్లు ఏం చేయాలో కూడా రాసి ఉండాల్సింది.

మీ క్యామ్రీకి ఇంజిన్ నడుస్తూ ఉండగా చూడాలి. బాగా వేడెక్కాక సమతలం మీద ఆపి, బ్రేకు నొక్కి ఉంచి, గేర్ లివర్‌ని పార్క్ నుంచి కిందిదాకా ఒక్కో స్థానంలో కాసేపు ఉంచుతూ మళ్లీ పార్క్‌కి తేవాలి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగానే డిప్‌స్టిక్ తీసి, వేడి గుర్తుల మధ్య ఉందో లేదో చూడాలి. ఇంజిన్ ఆపితే, పైన తిరుగుతున్న ఆయిల్ అంతా కిందికి దిగి లెవెల్ ఎక్కువ చూపిస్తుంది. మీరు తీసింది ఎక్కువైన ఆయిల్ కాదు, అవసరమైన ఆయిల్.

హోండా వాళ్లకి దీనికి తిరగేసిన ప్రమాదం. ఇంజిన్ నడుస్తుండగా చూస్తే తక్కువ చూపిస్తుంది, ఇంకా పోసేస్తారు. ఎక్కువైన ఆయిల్ తిరిగే గేర్లకి తగిలి నురగ కడుతుంది. నురగతో ప్రెషర్ నిలవదు, క్లచ్‌లు జారతాయి. తక్కువైనా ఎక్కువైనా చివరికి జరిగేది ఒకటే.

మీ బండికి టైప్ టీ-4 ఆయిల్. డబ్ల్యూఎస్ అనేది తర్వాతి మోడళ్లది, కలపకండి. తీసినంతా కొలిచి పోసి, ఇంజిన్ నడుపుతూ మళ్లీ చూడండి.

---

క్యామ్రీ_శ్రీను – మార్చి 15

పోశాను. వేడి గుర్తుల మధ్య సరిగ్గా నిలిచింది. ఈ ఉదయం ఆలోచించకుండా కదిలింది. ప్రాణం కుదుటపడింది. నా తొందరే ఇది, మీ పోస్టులో హోండా అని స్పష్టంగానే ఉంది.

---

లక్ష్మి_కన్సాస్ – మార్చి 15

పాతబండి05 గారు కింద దూరేముందు ఒక్క మాట. మా తమ్ముడు జాకీ ఒక్కదాని మీదే బండి ఎత్తి కింద పడుకున్నాడు. డ్రైవ్‌వే కొంచెం వాలుగా ఉంది. ప్లగ్ బిగువుగా ఉంటే రెంచి పట్టుకుని గట్టిగా లాగాడు, బండి కదిలి జాకీ ఒరిగింది. చేయి ఒక్కటే కింద చిక్కబట్టి వేళ్లు నలిగి బతికాడు. ఆ కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

జాకీ ఎత్తడానికి మాత్రమే. ఎత్తాక జాక్ స్టాండ్ల మీద దించాలి. వెనక చక్రాలకి అడ్డులు పెట్టాలి, పార్కింగ్ బ్రేక్ వేయాలి. సిమెంటు ఇటుకలు పేర్చడం అస్సలు వద్దు, బరువుకి ఒక్కసారిగా పగిలిపోతాయి. స్టాండ్ల మీద పెట్టాక, కింద దూరకముందే పక్క నుంచి బండిని గట్టిగా తోసి చూడండి. ఇంట్లో ఒకరికి చెప్పి చేయండి.

---

పాతబండి05 – మార్చి 23

లక్ష్మి గారూ, మీ పోస్టు చదివి రెండు జాక్ స్టాండ్లు కొన్నాకే మొదలుపెట్టాను. మా ఆవిడ గరాజ్‌లోనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

కారుతున్న చోటు దొరికింది. రేడియేటర్ దగ్గర కూలర్ గొట్టం గట్టిపడి, క్లిప్పు కింద చెమ్మగా ఉంది. గొట్టం, క్లిప్పు రెండూ మార్చాను.

ఇక ఆయిల్. పది నిమిషాలు నడిపి, చేయి పెట్టగలిగేంత చల్లారాక మొదలుపెట్టాను. ఇక్కడ కొత్తవాళ్లు పొరబడే చోటు ఒకటి ఉంది, రాసి తీరాలి. కింద రెండు డ్రైన్ ప్లగ్గులు కనిపిస్తాయి. ఇంజిన్ ఆయిల్ ప్లగ్‌కి మామూలు 17 ఎంఎం బోల్టు తల ఉంటుంది. గేర్‌బాక్స్ ప్లగ్‌కి మధ్యలో చతురస్రం గుంట ఉంటుంది, అందులోకి 3/8 అంగుళాల రాట్చెట్ నేరుగా దిగుతుంది. సాకెట్ అక్కర్లేదు. ప్లగ్ ఎన్నేళ్లుగా కదలలేదో, మామూలు రాట్చెట్‌కి లొంగలేదు. పొడవు బ్రేకర్ బార్ వేస్తే "టక్" మని వదిలింది.

దిగింది రెండు లీటర్ల కంటే కాస్త ఎక్కువ. లెవెల్ తక్కువగా ఉంది కాబట్టి అది సరిపోయింది. అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి ముద్ద, వేళ్ల మధ్య రాస్తే కాటుకలా అంటుకుంది. ముక్కలు, రేకులు ఏమీ లేవు. ప్లగ్ శుభ్రంగా తుడిచి, కొత్త వాషరు వేసి 49 న్యూటన్ మీటర్లకి టార్క్ రెంచితో బిగించాను. డిప్‌స్టిక్ దూరే చోటునుంచే సన్నమూతి గరాటా, పొడవు ట్యూబు పెట్టి పోశాను. చాలా నెమ్మదిగా దిగుతుంది, ఓపిక కావాలి. దిగినంత పోసి, హోండా పద్ధతిలో చూసి, పై గుర్తుకి కొంచెం కిందదాకా నింపాను.

60 మైళ్లు నడిపాను. వణుకు ఉంది, కానీ మునుపటి బలం లేదు.

---

ఆటోనగర్_బాబాయ్ – మార్చి 23

ఆ ముద్ద మామూలే, కంగారుపడకు. అన్నేళ్ల అరుగుదల అది. చేతికి గుచ్చుకునే రేకులు ఉంటేనే నేను భయపడతాను.

ఒక్కసారికే పోదు, లెక్క చూడు. ఆ గేర్‌బాక్స్ మొత్తంలో ఆరున్నర లీటర్ల దాకా పడుతుంది. ప్లగ్ విప్పితే దిగేది రెండున్నర లోపే, మిగతాది కన్వర్టర్‌లో, సందుల్లో ఉండిపోతుంది. మొదటిసారికి మూడో వంతుకంటే కాస్త ఎక్కువ కొత్తదవుతుంది. రెండోసారికి అరవై శాతం, మూడోసారికి దాదాపు ముప్పాతిక వంతు. వారం పది రోజులు నడిపి మళ్లీ చెయ్యి. ఇలా కొంచెం కొంచెంగా మారితే పాత బాక్స్ తట్టుకుంటుంది, నువ్వూ ప్రతిసారీ అయస్కాంతం చూసుకోవచ్చు.

---

నెమ్మది_డ్రైవర్ – మార్చి 24

బాబాయ్ గారూ, మా బావగారికి ఫోన్ చేసి అడిగాను. ఆయిల్ మార్పించడానికి నెల ముందునుంచే చల్లని ఉదయాల్లో రివర్స్ ఆలస్యంగా పడేదట. నాకు ఆ సంగతి తెలియదు. మార్చింది కూడా మెషిన్‌తోనే. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

---

పాతబండి05 – ఏప్రిల్ 6

రెండోసారి అయింది. ఈసారి రెండున్నర లీటర్లు దిగింది, అయస్కాంతం మీద ముద్ద సగం కూడా లేదు. ప్రతిసారీ దిగినదానిలో కొంచెం గాజు సీసాలో పోసి గరాజ్ అలమరలో పెడుతున్నాను. మొదటిది మరిగిన చాయ్, రెండోది పలచటి బెల్లం పానకం.

వణుకు చాలావరకు పోయింది. 2-3 కుదుపు మాత్రం అలాగే ఉంది.

---

సుజాత_డాలస్ – ఏప్రిల్ 6

నాకూ అలాగే మిగిలింది. అప్పుడు మూడో క్లచ్, నాలుగో క్లచ్ ప్రెషర్ స్విచ్‌లు మార్చాను. క్లచ్‌లో ప్రెషర్ వచ్చిందని కంప్యూటర్‌కి చెప్పేవి అవే. పాతబడితే కబురు ఆలస్యంగా ఇస్తాయి, కంప్యూటర్ తప్పు లెక్కన గేరు మారుస్తుంది. గేర్‌బాక్స్ బయటివైపే బిగించి ఉంటాయి, విప్పడానికి బాక్స్ దించక్కర్లేదు. కొంచెం ఆయిల్ కారుతుంది, కింద గిన్నె పెట్టండి. గట్టిగా బిగించకండి, అల్యూమినియం మరలు పోతాయి. మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బిగించండి.

---

కాకతీయ_వాసు – ఏప్రిల్ 11

అన్నా, డీడబ్ల్యూ-1 దొరికింది, ఆర్డర్ పెడితే నాలుగు రోజుల్లో వచ్చింది. పాత ఆయిల్ ఏం చేయాలి? మా మెకానిక్ కాలువలో పోసేయమంటున్నాడు.

---

ఆటోనగర్_బాబాయ్ – ఏప్రిల్ 11

కాలువలో మాత్రం వద్దు నాయనా. అది పొలాలకి పోయే నీళ్లు. క్యాన్‌లో మూత బిగించి దాచు. వాడిన ఆయిల్ కొనే రీసైక్లింగ్ వాళ్లు పెద్ద గ్యారేజీలకి వస్తుంటారు, వాళ్లకి ఇచ్చెయ్యి. ఇంజిన్ ఆయిల్‌తో కలిసినా ఫరవాలేదు, కూలెంటు, పెట్రోలు కలపకు.

---

పాతబండి05 – మే 4

ఇక్కడ విడిభాగాల షాపుల్లో వాడిన గేర్‌బాక్స్ ఆయిల్ ఉచితంగానే తీసుకుంటున్నారు. మూడు క్యాన్లు ఇచ్చి వచ్చాను.

మూడోసారి మార్చాను, స్విచ్‌లు రెండూ మార్చాను. స్విచ్‌లూ ఆయిలూ గొట్టమూ కలిపి 200 డాలర్లు దాటలేదు. జాక్ స్టాండ్లు, టార్క్ రెంచి వేరే, అవి ఎలాగూ ఇంట్లో ఉంటాయి. 600 మైళ్లు నడిపాక రాస్తున్నాను. 40-45లో వణుకు లేదు. 2 నుంచి 3కి మారడం ఇప్పుడు టాకోమీటర్ ముల్లు చూస్తేనే తెలుస్తోంది. ప్రతి ఆదివారం లెవెల్ చూస్తున్నాను, తగ్గడం లేదు.

మొన్న మా పాప వెనక సీట్లోంచి "నాన్నా, కారు గుర్రుమనడం మానేసింది" అంది. ఆమెకి నేనేమీ చెప్పలేదు.

---

సుజాత_డాలస్ – మే 4

చాలా చాలా సంతోషం! నాలుగోసారి చేస్తారా? ఇంకో మాట, మీరు కొన్న వాషరు సైజు ఎంత? నా దగ్గరివి అయిపోయాయి, పెట్టె మీద రాత చెరిగిపోయింది.

---

పాతబండి05 – మే 5

18 ఎంఎం సుజాత గారూ. ఐదు కలిపి ఒక ప్యాకెట్ కొన్నాను, రెండు మిగిలాయి. ఎండాకాలం అయ్యాక ఇంకోసారి మారుస్తాను. మైళ్లు, తేదీ కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించాను. ఇక ముందు ఈ బండి ఎవరి చేతికి వెళ్లినా ఆ కాగితం ఉంటుంది.